వీరబాబు తీర్పు: నల్లచుక్క ఇరవైమూడో సంచిక

పాతలంక రేవులో టికెట్లు చింపే వీరబాబు నన్ను మొదటిసారి పలకరించింది ఒక ప్రశ్నతో.

"టీచరు గారండీ, ఓటేసినప్పుడు వేలికి రాస్తారు కదండీ సిరా, అది చీకట్లో వెలుగుతుందాండి?"

నేను ఆ రేవు దాటడం మొదలుపెట్టి అప్పటికి వారం కూడా కాలేదు. ఏటికి అవతల ఉన్న హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. ఆరేళ్ల కూతురు కెజియాని ఆ పక్కనే ఉన్న ప్రైమరీ స్కూల్లో చేర్చాను. పొద్దున, సాయంత్రం ఇద్దరం పంటు మీదే దాటాలి. రెండు పడవల మీద బల్లలు పరిచి ఇంజను బిగిస్తే అదే పంటు. మోటారు సైకిళ్లు, గడ్డిమోపులు, బడిపిల్లలు, చేపల బుట్టలు అన్నీ దాని మీదే. దాని మీద ఉన్నంతసేపూ నేను కెజియా మణికట్టు వదలను. లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయో చూస్తాను. పన్నెండు. మనుషులు ఏ రోజూ పన్నెండుమందితో ఆగరు.

"వెలగదండి," అన్నాను. "అది సిల్వర్ నైట్రేట్. చర్మానికి పట్టి, వెలుతురు తగిలితే నల్లబడుతుంది. అంతే."

"నేనూ అదే అనుకున్నానండి. పున్నమి చంద్రుడిలా వెలుగుతున్నట్టు వేశారు. రాసేస్తాను."

ఏం రాసేస్తాడో తర్వాత తెలిసింది. రాజమండ్రి నుంచి "నల్లచుక్క" అని నెలకో బొమ్మల కథల పుస్తకం వస్తుంది. అందులో హీరో ఒక బడిపంతులు. ఎలక్షన్ డ్యూటీలో ఉండగా సిరా సీసా మొత్తం చేతిమీద ఒలికిపోయి, ఆ చేతికి మనిషికి ఉండని బలం వస్తుంది. ఎక్కడైనా అన్యాయం జరుగుతున్నప్పుడు ఎవరైనా సిరా చుక్క ఉన్న వేలు పైకెత్తి "చుక్క చూస్తోంది" అంటే చాలు, వచ్చేస్తాడు. నాయకుల కాలర్లు పట్టుకుంటాడు, ఇసుక లారీలు తిరగేస్తాడు. పుస్తకం చివర్లో "పాఠకుడి తీర్పు" అని ఒక పేజీ ఉంటుంది. ముందు నెల సంచిక ఎలా ఉందో అందులో ఒక పాఠకుడు రాస్తాడు. మొదట్లో రకరకాల వాళ్లు రాసేవారట. ఆరో సంచిక తర్వాత ఆ పేజీ వీరబాబుదైపోయింది. కింద "గ. వీరబాబు, పాతలంక రేవు" అని అచ్చయ్యేది.

తొమ్మిదో తరగతి మధ్యలో మానేసిన మనిషి. నలభై దాటాయి. రెండు ట్రిప్పుల మధ్య టికెట్ల గది అరుగు మీద కూర్చుని, వాడేసిన టికెట్ పుస్తకాల వెనక పేజీల మీద రాసేవాడు. పొగడటం ఆయనకు చేతకాదు. నల్లచుక్క సారా కొట్టు బద్దలుకొట్టిన సంచికకు, "అందులో సీసాలు కడిగే ఆడవాళ్లు మర్నాడు పనికి ఎక్కడికి వెళ్లారో వేయలేదు" అని రాశాడు. ఒక నాయకుణ్ణి గాల్లోకి ఎత్తిన సంచికకు, "జనం మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఒక్కరూ మాట్లాడలేదు. మా రేవులో జనం ఇంతసేపు నోరు మూసుకుని ఉండరు" అని రాశాడు. ఆయనకు ఒక కొలత ఉండేది. నల్లచుక్క చెయ్యెత్తే ముందు ఎవర్నైనా ఒక్క ప్రశ్న అడిగాడా లేదా? అడిగితే మంచి సంచిక. అడగకపోతే ఎన్ని లారీలు తిరగేసినా మంచిది కాదు.

"కొట్టేవాడు ఎవడైనా కొడతాడండి," అనేవాడు. "అడిగి కొట్టేవాడుండాలి."

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియడానికి ఆరు నెలలు పట్టింది. మా ఎనిమిదో తరగతిలో లక్ష్మీదుర్గ అనే అమ్మాయి ఉంది. లెక్కల్లో చురుకైన పిల్ల. దాన్ని అందరూ "సీసా దుర్గ" అంటున్నారు. ఎందుకని అడిగితే క్లాసంతా నవ్వింది. దుర్గ వీరబాబు కూతురు. ఆ సీసా పేరు మాత్రం తాతగారిది.

తాత పేరు అమ్మిరాజు. ముప్ఫై ఏళ్లు ఆ రేవులో పంటు నడిపిన సరంగు. పదకొండేళ్ల కిందట ఒక అమావాస్య రోజు పంటు తిరగబడి ఇద్దరు చనిపోయారు. ఇక్కడికి సముద్రం దగ్గర. పాటు వేళ, అంటే నీళ్లు సముద్రంలోకి వెనక్కి తీసే వేళ, ఏటి మధ్య ఇసుకమేట దగ్గర లాగుడు విపరీతంగా ఉంటుంది. అమావాస్యకి, పౌర్ణమికి మరీ ఎక్కువ. ఆ రోజు పంటు నిండా మనుషులు, పద్నాలుగు మోటారు సైకిళ్లు. అమ్మిరాజు గంటసేపు ఆగుదామన్నాడు. రేవు వేలంపాటలో దక్కించుకున్న పాటదారు పల్లంరాజు గట్టు మీదే ఉన్నాడు. "జనం తిడుతున్నారు. తీస్తావా, ఇంకొకణ్ణి ఎక్కించమంటావా?" అన్నాడు. అమ్మిరాజు తీశాడు.

తర్వాత విచారణ జరిగింది. ఇంజను పక్కన పెట్టెలో క్వార్టర్ సీసా దొరికింది. సరంగు తాగి నడిపాడని తేల్చారు. ఆయనకు రక్తపరీక్ష చేసినవాళ్లు లేరు. సీసాలో ఎంత తగ్గిందో చూసినవాళ్లు లేరు. సీసా ఉంది కాబట్టి తాగాడు. నా పదో తరగతి పిల్లలు ప్రయోగం ఇలా రాస్తే మార్కులు వేయను.

ఆ సీసా సంగతి రేవులో పడవ నడిపేవాళ్లందరికీ తెలుసు. అమావాస్యకీ పౌర్ణమికీ మొదటి ట్రిప్పుకి ముందు సరంగు మూతెడు సారా ఏట్లో పోసి గంగమ్మకి దణ్ణం పెట్టుకుంటాడు. సీసా ఇంజను పక్కనే ఉంటుంది. అది లేని పంటు ఎక్కడానికి పాతవాళ్లు జంకేవారు. కానీ విచారణకి వచ్చిన అధికారి ఏటి మనిషి కాదు. ఏటి మనుషుల్లో ఎవరూ పాటదారు ఎదురుగా నోరు విప్పలేదు.

అమ్మిరాజు మళ్లీ రేవులో అడుగుపెట్టలేదు. ఇంటి వసారాలో కూర్చుని చిరిగిన వలలు అల్లుతుంటాడు. ఊరు ఆయనకి సీసా అమ్మిరాజు అని పేరు పెట్టింది.

నల్లచుక్క ఇరవయ్యో సంచిక వెనక అట్ట మీద ఒక ప్రకటన వచ్చింది. "మీ ఊరి అన్యాయం మాకు రాయండి. నల్లచుక్క మీ ఊరొస్తాడు." వీరబాబు అది రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగి మూడో రోజు నాకు చూపించాడు.

"రాయమంటారాండి?"

"రాయండి."

"కోర్టు కాదు కదండీ, బొమ్మల పుస్తకం."

"మీ ఊళ్లో కోర్టు తీర్పు ఎవరూ చదవరు. ఇది పిల్లలందరూ చదువుతారు," అన్నాను. లక్ష్మీదుర్గే నా కళ్లముందుంది. పుస్తకంలో ఆ సరంగు మంచివాడని అచ్చయితే ఆ పిల్లని ఇంకెవరూ అలా పిలవరని నిజంగానే నమ్మాను.

ఆయన నాలుగు పేజీలు రాసుకొచ్చాడు. పాటు వేళ, బరువు, పల్లంరాజు అన్న మాట అన్నీ ఉన్నాయి. సీసా లేదు.

"సీసా సంగతి వదిలేశారేంటి?"

"దాని జోలికెందుకండీ. వాళ్లకి అర్థం కాదు."

"దాచిపెడితే రేపు ఎవరో ఒకరు బయటపెడతారు. ఉన్నది ఉన్నట్టు రాసి, ఎందుకుందో చెప్పండి. ఆధారం వదిలేయకూడదు," అన్నాను. క్లాసులో చెప్పినట్టే చెప్పాను.

ఆయన "ఆయ్, అలాగేనండి" అన్నాడు. ఒక పేజీ చేర్చాడు. మూతెడు సారా, గంగమ్మ, ఇంజను పక్కన పెట్టె, ఊరు పెట్టిన పేరు. పని లేని రోజు తండ్రి తాగుతాడనీ, పంటు ఎక్కే రోజు ముట్టడనీ కూడా రాశాడు. అంత నిజాయితీ నేను అడగలేదు.

పదిరోజులకి సంపాదకుడు కిరణ్ కుమార్ ఫోన్ చేశాడు. కథ అద్భుతమన్నాడు. ఇరవైమూడో సంచిక మొత్తం ఇదేనన్నాడు. వీరబాబు ఆ సంగతి ఇంట్లో చెప్పాడు. అమ్మిరాజు ఆ ఆదివారం మంగలిని ఇంటికి పిలిపించుకుని గడ్డం గీయించుకున్నాడట.

"బొమ్మలో నాకు మీసం ఉంటుందంటావా?" అని అడిగాడట. "నాకప్పుడు మీసం ఉండేది."

సంచిక మా స్కూలుకే ముందు వచ్చింది. కట్టలు కట్టలుగా, ఉచితంగా. పిల్లలందరికీ తలో పుస్తకం పంచారు. సాయంత్రం పంటు ఎక్కాక కెజియా నా పక్కన నిలబడి తన పుస్తకం తెరిచింది. ఎడమచేతి చూపుడువేలికి నల్ల స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టుకుంది.

"అమ్మా, చూడు! మన పంటే! తాగుబోతుని నల్లచుక్క ఎలా కొట్టాడో చూడు!"

బొమ్మలో పంటు ఉంది. సరంగుకి మీసం ఉంది. ఎర్రటి కళ్లు, జారిపోయిన లుంగీ, నోటి దగ్గర సీసా. పేరు సీసాల సత్తెయ్య. గట్టు మీద తెల్లచొక్కా వేసుకున్న పాటదారు రెండు చేతులూ జోడించి "సత్తెయ్యా, జనం ప్రాణాలు పోతాయి, పంటు తీయకు!" అని బతిమాలుతున్నాడు. నల్లచుక్క నీళ్లలోంచి లేచి, ఒక చేత్తో పంటునీ ఒక చేత్తో సరంగునీ పట్టుకుని, సరంగుని ఇసుకమేట మీదికి విసిరేస్తాడు. ఎవరూ చనిపోరు. చివరి బొమ్మలో నల్లచుక్క, పాటదారు చేతులు కలుపుతారు. అట్ట లోపల చిన్న అక్షరాల్లో ఒక వాక్యం. ఈ సంచికను పాఠశాలలకు ఉచితంగా అందజేసినవారు శ్రీ పల్లంరాజు గారు.

దిగాక పుస్తకం వీరబాబు చేతికిచ్చాను. నిలబడే చదివాడు. ఎక్కేవాళ్లు టికెట్లడుగుతుంటే ఒక చేత్తో చింపి ఇస్తూ, ఒక చేత్తో పేజీలు తిప్పాడు. చివరిదాకా చదివి మళ్లీ మొదటికొచ్చాడు.

"పాటు వేళ నీళ్లు పైకి ఎక్కుతున్నట్టు వేశాడండి," అన్నాడు. "పంటుకి కారు స్టీరింగు పెట్టాడు."

"వీరబాబు గారూ..."

"మీసం బాగానే వేశాడండి."

నా ఎదురుగానే ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టాడు.

"వీరబాబు గారా! చూశారా? ఎలా వచ్చిందండీ?" కిరణ్ కుమార్ గొంతులో ఉత్సాహం తగ్గలేదు.

"మా నాన్నని తాగుబోతుని చేశారండి."

"అయ్యో, అది మీ నాన్నగారు కాదు కదండీ. పేరు మార్చాం."

"సీసా అన్న పేరు నా ఉత్తరంలోదేనండి."

"కథకి విలన్ కావాలండి. పాటదారుని విలన్ చేద్దామనే మొదలుపెట్టాం. ఆ రేవు గురించి వాకబు చేస్తుంటే పల్లంరాజు గారికి తెలిసింది. ఎలక్షన్లు దగ్గర పడ్డాయి. ఆయన మూడువేల కాపీలు తీసుకుంటానన్నారు. మేం పుస్తకం మూసేసుకునే పరిస్థితిలో ఉన్నామండి, మీకు తెలియంది కాదు."

"నల్లచుక్క ఎవర్నీ ఏమీ అడగలేదండి."

"అదేంటండీ?"

"కొట్టే ముందు ఎవర్నీ అడగలేదండి."

"మీరు భలేవారండీ. అయినా సీసా మేం కల్పించలేదుగా. మీ ఉత్తరంలో ఉన్నదే కదా? తాగే అలవాటు ఉందని కూడా మీరే రాశారు."

వీరబాబు నావైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. ఫోన్ పెట్టేసి, "రేపు శనివారం మధ్యాహ్నం మీకు బడి లేదు కదండీ. మా ఇంటికి వస్తారా? మా నాన్న చదవమంటాడు. నా ఒక్కడివల్లా అవదు" అన్నాడు.

వెళ్లాను. కెజియాని మా అత్తగారి దగ్గర వదిలి వెళ్లాను. అమ్మిరాజు ఉతికిన చొక్కా వేసుకుని వసారాలో కూర్చున్నాడు. ఒక కంటికి శుక్లం, రెండో కన్ను దగ్గరికి పెట్టుకుంటే కనిపిస్తుంది. చదువు రాదు.

"దండాలండి, టీచరమ్మ గారూ. వీడు రాస్తే అచ్చేశారంటండి."

వీరబాబు పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాడు. అందులో లేనిది చదివాడు. అమావాస్య రోజు. సరంగు ఆగుదామన్నాడు. పాటదారు ఒప్పుకోలేదు. నల్లచుక్క వచ్చి ముందు సరంగుని అడిగాడు, "ఏమయ్యా, ఏటి సంగతి నీకు తెలుసు, నువ్వు చెప్పు" అన్నాడు. పాత టికెట్ కాగితాల మీద రాసిన తన నాలుగు పేజీలే ఆయన నోట్లోంచి వస్తున్నాయి. పేజీ తిప్పాల్సిన చోట తిప్పుతున్నాడు. తీర్పుల్లో ఏనాడూ ఒక్క అబద్ధం రాయని మనిషి.

ముసలాయన కదలకుండా విన్నాడు. అయ్యాక చెయ్యి చాపాడు.

"ఏదీ, నా బొమ్మ చూపించు."

"మసగ్గా ఉంది నాన్నా. అచ్చు బాగాలేదు."

"ఇటియ్యరా."

పుస్తకం బాగున్న కంటి దగ్గరికి, ముక్కుకి తగిలేటంత దగ్గరికి తెచ్చుకున్నాడు.

"మీసం ఉందిరోయ్."

"ఉంది నాన్నా."

"ఈ చేతిలో ఏంట్రా?"

"టార్చిలైటు."

అమ్మిరాజు పుస్తకాన్ని ఇంకాస్త పక్కకి తిప్పి వెలుతురులో పెట్టుకున్నాడు.

"టార్చిలైటు ఎవడన్నా నోట్లో పెట్టుకుంటాడేంట్రా?"

లోపల లక్ష్మీదుర్గ గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

"గంగమ్మకని రాయలేదా?"

"రాశాను నాన్నా."

"రాశాడు తాతగారూ, నేను చూశాను," అన్నాను. నేనే రాయించానని చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఆయన పుస్తకం మూసి, కొడుక్కివ్వకుండా పక్కనే నేలమీద పెట్టి, వల తీసుకున్నాడు. "తీర్పు రాస్తావుగా నువ్వు. అందులో రాయి," అన్నాడు.

వీరబాబు రాశాడు. ఎప్పుడూ రెండు రోజుల్లో రాసేవాడు, దీనికి తొమ్మిది రోజులు పట్టింది. అది నా తండ్రి కథ అని అందులో ఎక్కడా లేదు. "అలా రాస్తే అది తీర్పు కాదండి, మొర అవుద్ది," అన్నాడు. ఆ కాగితం ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. అందులోది కొంత ఇక్కడ ఉంచుతున్నాను.

"రేవు బొమ్మ బాగుంది. చెట్లు, గట్టు, గుడిసెలు చూసి మా రేవే అనుకున్నాను. కానీ పాటు వేళ నీళ్లు ఎటు పోతాయో బొమ్మ వేసినాయనకి తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. సరంగుని అడిగితే చెప్పేవాడు. ఈ కథలో సరంగుని ఎవరూ ఏమీ అడగరు. నల్లచుక్క అడగడు, పాటదారు అడగడు, జనం అడగరు. ముప్ఫై రెండు పేజీల్లో సరంగు నోట్లోంచి ఒక్క మాట రాదు. సీసా ఒక్కటే ఆ నోటి దగ్గర పెట్టారు. ఇన్నాళ్లూ నల్లచుక్క పెద్దవాళ్లని కొట్టాడు. ఈసారి పంటు మీద అందరికంటే నోరులేనివాణ్ణి కొట్టాడు. ఆ మనిషికి పదకొండేళ్ల కిందట ఒక దెబ్బ తగిలింది. ఇది రెండోది. ఈ సంచికకి నేను మార్కులు వేయను."

ఇరవైనాలుగో సంచిక వచ్చింది. అది కూడా ఉచితంగా, కట్టలు కట్టలుగా. చివరి పేజీలో "పాఠకుడి తీర్పు" ఉంది. మూడే మూడు వాక్యాలు.

"రేవు బొమ్మ బాగుంది. చెట్లు, గట్టు, గుడిసెలు చూసి మా రేవే అనుకున్నాను. ఇన్నాళ్లూ నల్లచుక్క పెద్దవాళ్లని కొట్టాడు."

కింద గ. వీరబాబు, పాతలంక రేవు.

అచ్చయిన మూడు వాక్యాలూ ఆయనవే. ఒక్క మాట కూడా వాళ్లు కల్పించలేదు. ఊళ్లో మాత్రం ఆ పేజీకి ఒకటే అర్థం తీశారు. తండ్రి సంగతి కొడుకే ఒప్పుకున్నాడు, బొమ్మ బాగుందని మెచ్చుకున్నాడు కూడా. టికెట్ల దగ్గర ఒకాయన నా ఎదురుగానే అన్నాడు, "ఏమైనా మనసున్న మనిషివి వీరబాబూ. సొంత తండ్రైనా తప్పు తప్పే అన్నావు." వీరబాబు టికెట్ చింపి ఆయన చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత వచ్చిన అమావాస్య రోజు పొద్దున మొదటి పంటుకి మేం వెళ్లేసరికి రేవులో అమ్మిరాజు ఉన్నాడు. పదకొండేళ్లకి వచ్చాడు. మోకాళ్లలోతు నీళ్లలో నిలబడ్డాడు. చేతిలో సీసా ఉంది. అందరూ చూసేలా మూత తీసి, మూతలోకి వంచి, ఏట్లో పోసి, దణ్ణం పెట్టుకున్నాడు. మూతెడే పోశాడు. మళ్లీ మూత బిగించి, సీసాని పైకెత్తి, పంటు మీదున్న అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు. ఎంత తగ్గిందో చూడండి అన్నట్టు. నాకైతే అలాగే అనిపించింది.

పంటు మీద నలభైమంది బడిపిల్లలున్నారు. ఎవరో "సీసాల సత్తెయ్య!" అని అరిచారు. నవ్వులు. లక్ష్మీదుర్గ పుస్తకాల సంచి గుండెలకి హత్తుకుని ఇంజను వైపు తిరిగి నిలబడింది. ఇంకెవరో వేలు పైకెత్తారు. తర్వాత ఒక్కొక్క వేలూ లేచింది, అన్నిటికీ నల్లటి చుక్కలు.

"చుక్క చూస్తోంది! చుక్క చూస్తోంది!"

నా చేతిలో ఉన్న మణికట్టు లాక్కుపోతున్నట్టు అనిపించి చూశాను. కెజియా మునివేళ్ల మీద లేచి, రెండో చేతి వేలు ఆ ముసలాయన వైపు ఎత్తి, గొంతు చించుకుని అరుస్తోంది. ముఖమంతా వెలిగిపోతోంది.

ఆ వేలు పట్టుకుని కిందికి దించాను. మళ్లీ ఎత్తింది.

"తాతగారు మంచివారు, కెజియా."

"కాదమ్మా. పుస్తకంలో ఉందిగా."

వీరబాబు టికెట్ల గదిలోంచి బయటికొచ్చి, నీళ్లలోకి దిగి, తండ్రి భుజం మీద చెయ్యి వేసి గట్టుకి తీసుకెళ్లాడు. ఇద్దరూ మావైపు తిరగలేదు. పంటు కదిలింది. బ్యాగులోంచి నీళ్ల సీసా తీసి, చున్నీ కొస తడిపి కెజియా వేలు రుద్దాను. స్కెచ్ పెన్ను చుక్క కాబట్టి రెండు రుద్దులకే పోయింది. కెజియా ఏడ్చింది. అవతలి గట్టు దిగేలోపే పక్క పిల్ల పెన్ను అడిగి తీసుకుని మళ్లీ పెట్టుకుంది.